మానేట్లో మునిగినవాళ్లు

పొద్దున్నే గంజు దగ్గర గొడవ మొదలైంది.

సాయన్న స్నానానికి నీళ్లు కాగబెట్టుకునే గంజులో మల్లక్క బీడీల తునికాకు నానబెట్టి, మీద తడి గోనె కప్పి, వంటింటి మూలకు నెట్టింది. ఆయన తువ్వాల భుజాన వేసుకుని వచ్చి గోనె ఎత్తి చూశాడు.

"ఇంట్ల గిన్ని గిన్నెలుండంగ నా గంజే దొరికిందానే నీకు?"

"తొట్టి పలిగింది. ఆకు ఎండితె కత్తెరకు తునుగుతది. ఒక్కనాడు బకెట్ల వోసుకో."

"చన్నీళ్లా? గీ చలిల?"

"నీళ్లు కాగవెట్టనీకి ఇంకో గిన్నె దీసుకుంటె చెయ్యి అరుగుతదా?"

"తాతా, ఇయ్యాల స్నానం బంద్ వెట్టు. ఎవలు జూస్తరు నిన్ను?" అంది మనవరాలు సౌమ్య, కాలేజీకి జడ వేసుకుంటూ.

"నువ్వు సప్పుడు జెయ్యకు," అని సాయన్న మళ్లీ భార్య వైపు తిరిగాడు. "నీ ఇష్టమున్నట్టు వాడుకోనీకి గిదేమన్న మీ తల్లిగారు పెట్టిన గంజానే?"

కోరుట్లలో ఆ వాడలో ఏ ఇంట్లోనైనా రోజుకొకసారి వినపడే మాటే. మిగతా ఇళ్లలో దానికి జవాబుంటుంది. పెట్టినవాళ్లనో పెట్టనివాళ్లనో తలుచుకుని ఆడవాళ్లు రెండింతలు అంటారు. మల్లక్క గంజు ముందు కూర్చుంది. ఆకును చేతులతో తోడి చాటలో వేసింది. గంజు ఎత్తుకుపోయి వాకిట్లో తోమింది. అడుగు కూడా తిప్పి తోమింది. తెచ్చి ఆయన ముందు పెట్టి, చాట తీసుకుని అరుగు మీదికి పోయింది.

సాయన్న ఆ గంజును ముట్టలేదు. తువ్వాల దండెం మీద వేసి, స్నానం చేయకుండానే బయటికి పోయాడు. కోరుట్ల క్రైస్తవ సంఘంలో ఆయన పెద్ద. ఆదివారం ప్రార్థనలో ఆయన గొంతు చివరి వరుస దాకా వినిపిస్తుంది. అట్లాంటి మనిషి గేటు చప్పుడు కాకుండా తీసి వెళ్లడం దీవెన చూసింది.

దీవెన ఆ ఇంటి కోడలు. నల్లా కింద రాత్రి గిన్నెలు కడుగుతోంది. తన గిన్నెలన్నిటి మీదా 'దీవెన, రాయికల్' అని చుక్కలతో కొట్టించి ఇచ్చాడు ఆమె తండ్రి. పెళ్లైన ఇన్నేళ్లలో వాటిని ఎక్కువగా తోమింది అత్తమ్మే. చేతిలో ఉన్న గిన్నెను దీవెన బోర్లించింది. పేరు కిందికి పోయింది.

పనైనాక అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. మల్లక్క రేకుముక్క ఆకు మీద పెట్టి చుట్టూ కత్తిరిస్తోంది. డెబ్బై దాటినా ఆ వేళ్లు ఆకును చూడకుండానే తిప్పుతాయి.

"మామ మాటకు బాధవడకు అత్తమ్మా. నోటికచ్చింది అన్నడు."

"నాకెరుకే బిడ్డా." చిటికెడు తంబాకు ఆకులో పరిచి చుట్టింది. "ఒక్కళ్లన్న ఉంటె మంచిగుండు. పెట్టనీకి గాదు. పెట్టలేదని తిట్టుకోనీకన్న."

దీవెన చాటలోంచి ఒక ఆకు తీసుకుంది. "మీ నాయినది సిరిసిల్లేనా, నిజంగ?"

"మా అమ్మ గంతే చెప్పింది. 'మీ నాయిన పేరు యోహాను, సిరిసిల్లల బాప్తిస్మానికి మునిగిండు' అన్నది. గంతల అమ్మ సుత పోయింది. నేను గింతంత పోరిని, ఇంకేం అడుగుత? నా పెండ్లైనంక మీ మామ ఒక్కపాలి సిరిసిల్లకు తోల్కవోయిండు. మగ్గాల సప్పుడు తప్ప ఏం ఇనవడలె. యోహాను ఎవలో తెల్వదన్నరు." దారం చుట్టి పంటితో తెంపింది. "నాకు ఇప్పటికి సుత గా సప్పుడు కలల అస్తది."

జగిత్యాలలో పాత బాప్టిస్టు గుడి ఉంది. ఒకప్పుడు కోరుట్ల, రాయికల్, మల్లాపూర్ సంఘాలన్నీ దాని కిందివే. పాతవాళ్ల వివరాల కోసం అక్కడికే పోతారని దీవెన విన్నది. మర్నాడు వంట త్వరగా ముగించి బస్సెక్కింది.

గుడి కార్యదర్శి హరిప్రసాద్ రిటైరైన టీచరు. ఇనప బీరువాలోంచి తెల్లగుడ్డలో కట్టిన రిజిస్టర్లు తీసి బల్ల మీద పెట్టాడు. మడతల్లోంచి ఎండిన వేపాకు రాలింది.

"ఎవలను ఎతుకుతున్నవమ్మా?"

"మా అత్తమ్మను సార్. ఆమె పుట్టిన తారీఖు దొరికితే తల్లిదండ్రుల ఊరు ఉంటుందని."

హరిప్రసాద్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "మనదాంట్ల పుట్టినోళ్లను రాయరు గదమ్మా. మునిగినోళ్లనే రాస్తరు."

దీవెనకు సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. పసిపిల్లల మీద నీళ్లు చల్లే గుళ్లలోనైతే పుట్టుకలు దొరుకుతాయి. తమలో మనిషి పెరిగి, నమ్మి, పదిమంది ముందు ఒప్పుకుని, నీళ్లలో మునిగితేనే పుస్తకంలోకి ఎక్కుతాడు. అత్తమ్మ బాప్తిస్మం పెళ్లికి ముందు కోరుట్లలో జరిగింది. వెతకాల్సింది ఆమెను కాదు, ఆమె తండ్రిని.

యోహానులు చాలామంది ఉన్నారు. ఒకరి పక్కన 'చనిపోయెను', ఒకరి పక్కన 'బదిలీ', ఇంకొకరి పక్కన 'రెండవ భార్య, తొలగించడమైనది'. మధ్యాహ్నం గుడి పనిమనిషి టీ తెచ్చి పెట్టింది. అది చల్లారింది. మే నెల, పంతొమ్మిది వందల యాభై ఒకటి పేజీ పైన 'సిరిసిల్ల' అని పెద్దక్షరాలున్నాయి. ఆ కింద నలభై దాకా పేర్లు. వాటిలో ఒకటి: యోహాను, పూర్వనామం పోశాలు, తండ్రి దుబ్బయ్య.

పూర్వనామం. దీవెన ఆ మాట మీద వేలు పెట్టి ఉంచింది. యోహాను అంటే ఎవరికి తెలుస్తుంది? ఊరికి ఆయన పోశాలు.

"చూసినవా, సిరిసిల్లనే," అన్నాడు హరిప్రసాద్. "దుబ్బయ్య ఇల్లని అడుగుండ్రి, దొరుకుతది."

దీవెన ఆ పేజీకీ, తర్వాతి రెండు పేజీలకూ ఫోన్లో ఫొటోలు తీసుకుంది.

బుధవారం అత్తాకోడళ్లిద్దరూ కథలాపూర్ మీదుగా సిరిసిల్ల పోయారు. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకుంటూ మల్లక్క అంది, "గీ ఫిరీ బస్సు అప్పుడే వెట్టుంటె నేను ఎన్నడో దొరకవడుదు మా నాయినను."

మాసిపోని నీలం చీర కట్టుకుంది. తలకు నూనె రాసింది. బస్సులో కూర్చున్నంతసేపూ చేతులు ఒళ్లో ఊరికే ఉండలేదు. వేళ్లు లేని ఆకును చుడుతూనే ఉన్నాయి.

సిరిసిల్లలో నాలుగు వాడలు తిరిగారు. పవర్‌లూమ్ షెడ్ల పక్కన నిలబడి గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది. దుబ్బయ్య కొడుకు పోశాలు ఎవరికీ తెలియదు. ఒక ముసలాయన మాత్రం ఓపిగ్గా విన్నాడు. "మీది జగిత్యాల గుడి అంటున్నరు. మరి సిరిసిల్లోళ్లు గంత దూరం పోయి పేర్లు ఎందుకు రాయించుకుంటరమ్మా?" అన్నాడు.

మల్లక్క ఇక చాలన్నట్టు వెనక్కి తిరిగింది. తిరుగు బస్సుకు నడుస్తూ మానేరు బ్రిడ్జి మీద ఆగింది. వానలు బాగా పడ్డ ఏడాది. ఏరు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నిండుగా ఉంది.

"గీడనే మునిగిండు," అంది. "గంతే దక్కింది నాకు. నీళ్లు."

దీవెన ఆమె పక్కన నిలబడి ఫోన్లో ఫొటోలు ముందుకు జరిపింది. తర్వాతి పేజీ పైన 'ధర్మపురి' అని ఉంది. ఆ కింద ముప్పై పేర్లు. మూడో పేజీ పైన 'రాయికల్ చెరువు'. ఆ రెండూ వానాకాలం తేదీలు.

తనది రాయికల్. తన బాప్తిస్మం ధర్మపురి దగ్గర గోదావరిలో అయింది, ఆ ఏడు చెరువు ఎండిందని. ఎవరైనా అరవై ఏళ్ల తర్వాత తనను ఈ పుస్తకంలో వెతికితే ధర్మపురి వీధుల్లో తిరుగుతారు. తన ఇల్లు అక్కడ ఏనాడూ లేదు.

"అత్తమ్మా, గిది ఊరు గాదు," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గిది నీళ్లున్న జాగ. ఎండకాలం ఏ ఊరి చెరువుల నీళ్లుంటయి? మనిషి మునిగేంత లోతు ఏడుంటె ఆడికి నడిపిచ్చుకచ్చిండ్రు. మీ నాయిన గీడికి మునగనీకి అచ్చిండు. గీడోడు గాదు."

మల్లక్క రెయిలింగ్ పట్టుకుంది. "మరి ఏడోడు?"

ఫొటో పెద్దది చేసి చూసింది దీవెన. ముంచే ముందు ఈ మనిషి నడవడి మంచిదేనా అని సంఘం అడుగుతుంది. సాక్ష్యం చెప్పేది ఆ ఊళ్లో వాక్యం బోధించే ఉపదేశే. యోహాను పేరు ఎదుట, అట్లాగే మరో ఏడెనిమిది పేర్ల ఎదుట, 'సాక్షి: దావీదు ఉపదేశి' అని ఉంది. హరిప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆయన ఆలోచించను కూడా లేదు.

"దావీదు ఉపదేశి కొడిమ్యాలల ఉండె. ఆడి గుడి పునాదిరాయి మీద ఆయన పేరే ఉంటది."

వేములవాడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. కొడిమ్యాలలో దిగేసరికి పొద్దు వాలుతోంది. మూలమీది కిరాణాకొట్టతను దుబ్బయ్య పేరు వినగానే చేత్తో చూపించాడు.

"మునిగిన పోశాలు వాళ్ల ఇల్లా? గాయన తమ్ముని కొడుకు భూమన్న ఉంటడు. గా కొత్తగోడలు లేస్తున్న ఇల్లే."

మల్లక్క కొంగు తల మీదికి లాక్కుంది. తన తండ్రి పేరు ఆయన ఊరివాళ్ల నోట వినడం ఆమెకు అదే మొదలు.

భూమన్నకు అరవై ఉంటాయి. పైపు పట్టుకుని కొత్త గోడలకు నీళ్లు కొడుతున్నాడు. పాత ఇల్లు విప్పేశారు. పాత దర్వాజ చట్రం మాత్రం వాకిట్లో వెల్లకిలా పడుంది. అతని భార్య నాగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి నిలబడే ఉంది. కూర్చోవడానికి ఏమీ లేక మల్లక్క ఆ దర్వాజ అడుగు చెక్క మీద కూర్చుంది. దీవెన సంగతి చెప్పి ఫోన్ చూపించింది. భూమన్న దాన్ని కొడుకు ప్రకాశ్ చేతికిచ్చాడు. ప్రకాశ్ ఆటో నడుపుతాడు.

"పోశాలు, తండ్రి దుబ్బయ్య," చదివాడు ప్రకాశ్. "బాపూ, మన ముత్తాత పేరే."

భూమన్న పైపు నేల మీద పడేశాడు. ముందు నాగవ్వ నోరు విప్పింది.

"గిన్నేండ్లు లేనిది గిప్పుడే ఎందుకు యాదికచ్చింది? మాకు సర్కారు ఇల్లు మంజూరైనంక? గీ జాగ తప్ప మాకేం లేదు. దీంట్ల వాటాలు లెవ్వు."

"నేను జూసిపోదామని అచ్చిన," అంది మల్లక్క.

"ముందుగాల అందరు జూడనీకే అస్తరు."

"నువ్వు ఊకో," అన్నాడు భూమన్న భార్యతో. తర్వాత గోడ వైపే చూస్తూ చెప్పాడు. "మా నాయిన చెప్పేటోడు. మానేట్ల మునిగి ఇంటికస్తె ముసలాయన కడప తొక్కనియ్యలేదట. పెండ్లాన్ని దీస్కొని ఎటో వోయిండట. మల్ల జాడ లేదు."

"ఏ కడప?" అడిగింది మల్లక్క.

"కూసున్నదే."

దీవెన గతుక్కుమంది. మల్లక్క లేవలేదు. అరిగిన చెక్క మీద అరచెయ్యి ఆనించి, అటు చివర నుంచి ఇటు చివర దాకా మెల్లగా రాసింది. పాత పసుపు కొద్దిగా గోళ్లలో ఇరుక్కుంది.

భూమన్న ఎంతసేపు మాట్లాడినా వరుస పెట్టి పిలవలేదు. చిన్నాన్న కొడుకు. తమ్ముడు. నువ్వు అనలేదు, మీరు అనలేదు. 'కూసున్నదే' అన్నాడు అంతే. దీవెన చివరి నిమిషం దాకా ఎదురుచూసింది. లేచేటప్పుడు కావాలనే నెమ్మదిగా చెప్పులు వేసుకుంది. ప్రకాశ్ తన ఆటోలో బస్టాండు దాకా దించి, ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు. భూమన్న మళ్లీ పైపు పట్టుకున్నాడు.

బస్సులో మల్లక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "భూమన్న మొఖం పొడుగు," అంది. "నాదీ పొడుగే."

ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఆకు కత్తిరించింది, తంబాకు జల్లించింది, కట్టలు కట్టింది. సాయన్న ఒకసారి దగ్గరికొచ్చి "మంచిగ మాట్లాడిండ్రా?" అని అడిగితే "ఆ" అంది. తనే పుండును గోకి రక్తం తెచ్చానని దీవెనకు అనిపించింది. తెలియక ముందు అత్తమ్మకు ఎవరూ లేరు. ఇప్పుడు ఉండీ వద్దన్నవాళ్లున్నారు.

శనివారం ప్రకాశ్ ఫోన్ చేశాడు. నాలుగైదుసార్లు నీళ్లు నమిలాడు.

"మీరచ్చింది ఊరంత జూసిండ్రు అక్కా. రేపు ఎవలన్న ఫిర్యాదు ఇస్తె ఇల్లు ఆగుతదని అమ్మ లొల్లి. జాగ మా ముత్తాత పేరు మీదనే ఉన్నది. అందుకని... మీ అత్తమ్మ ఒక్క సంతకం వెడితె అయిపోతది. వాటా అద్దని. కాయితం రాయించిన, మీకు పంపుత."

దీవెన ఆ కాగితం ఫోన్లో రెండుసార్లు చదివింది. సాయంత్రం డిపో నుంచి డ్యూటీ దిగి వచ్చిన భర్త సుదర్శన్‌కు చూపించింది. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. వేలితో ముట్టకుండానే చదివాడు.

"మొఖం జూసి అక్కా అన్నోడు లేడు. సంతకం గావాల్నట సంతకం. అమ్మకు చెప్పకు. పానం గాయిగాయి అయితది."

దీవెన సరే అంది. కానీ ఆదివారం గుడిలో అత్తమ్మ పక్కన చాప మీద కూర్చున్నప్పుడు ఆ సరే నిలవలేదు. ఆమెకు వచ్చిన కబురును తను దాచడమేమిటి? మంచిదో చెడ్డదో, ఆ ఇంటి నుంచి ఆమెకు వచ్చిన మొదటి కబురు అది.

మధ్యాహ్నం అందరూ కింద కూర్చుని తింటున్నారు. కోడికూర, అన్నం. సాయన్న ప్రార్థన ముగించి మొదటి ముద్ద కలిపాడు. దీవెన వడ్డించడం ఆపి, ఫోన్ తీసి, ప్రకాశ్ అడిగింది చెప్పింది. సుదర్శన్ కోపంగా చూశాడు.

"ఏం రాసిండ్రో సదువు," అంది మల్లక్క.

"కొడిమ్యాల వాస్తవ్యులు స్వర్గీయ దుబ్బయ్య గారి పెద్ద కొడుకు పోశాలు గారి ఏకైక కూతురు అయిన మల్లక్క అను నేను..."

"ఇంకోపాలి."

దీవెన మళ్లీ చదివింది. మల్లక్క ముద్ద చేతిలో పట్టుకుని వింది. మూడోసారి సౌమ్య ఫోన్ తీసుకుని, నానమ్మకు దగ్గరగా జరిగి, ఒక్కో మాటా విడివిడిగా చదివింది.

"అద్దు," అన్నాడు సాయన్న. "గంత అవమానం జేసినోళ్లకు నువ్వు ఎందుకు సంతకం వెడతవే? ఊకె కూసో. వాళ్లే ఉరికస్తరు."

"ఏమిచ్చిండ్రని అమ్మా మనం ఇడిశిపెట్టేది?" అన్నాడు సుదర్శన్.

మల్లక్క ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మంచినీళ్లు తాగింది.

"పోత. సంతకం వెడుత."

సుదర్శన్ తినడం ఆపాడు.

"వాటా అద్దని ఎవలు రాసిస్తరు? ఆడబిడ్డ. నేను గా ఇంటి బిడ్డను గాకుంటె నా సంతకం ఎందుకు వాళ్లకు?" అంది. "మా తాత మా నాయినను బయటకు పంపిండు. గిప్పుడు వాళ్లే రాసిండ్రు, పెద్ద కొడుకు బిడ్డ అని. వాటాదేముంది, నేను ఇటుకలు మోసుకస్తనా?"

"అయితె గిట్లనే పోయి పెట్టస్తవా?" అన్నాడు సుదర్శన్.

"ఊకె పెట్ట." మల్లక్క దీవెన వైపు తిరిగింది. "గా పిలగానికి ఫోన్ జెయ్యి బిడ్డా. ముందుగాల నాకు ఒడిబియ్యం పొయ్యాలె. కొత్తింటి వాకిట్ల, వాడోళ్లందరు జూడంగ. తమ్ముడే పొయ్యాలె, 'అక్కా, ఒడివట్టు' అని. పోసినంకనే సంతకం."

పెళ్లైన బిడ్డను పీట మీద, భర్త పక్కన, కూర్చోబెట్టి తల్లిగారు పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడి నిండా పోస్తారు. వాడలో ఆడవాళ్లందరూ పోయించుకుని, తెచ్చి, వండి పంచేవారు. ఆ అన్నం మల్లక్క ఎన్నో ఇళ్లలో తిన్నది. తన ఇంట్లో ఏనాడూ వండలేదు.

సాయన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఒడిబియ్యమా? నేను సంఘపెద్దనే. గవన్ని మనకు లెవ్వని నేనే పదిమందికి చెప్పిన."

"చెప్పినవు. నేను సుత ఇన్న."

"నేను రాకుంటె?"

"పక్కన పీట ఖాళీగుంటది. అందరు అడుగుతరు."

సౌమ్య నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది. దీవెన ఫోన్ చేతిలోకి తీసుకుని ప్రకాశ్ నంబరు వెతికింది. సాయన్న చాలాసేపు అన్నం కెలికాడు.

"పాస్టరు అడిగితె ఏం చెప్పాలె నేను?" అన్నాడు చివరికి.

మల్లక్క ఆయన కంచంలో కూర వేసింది.

"అత్తగారింటికి పోతున్న అని చెప్పు."